కార్డుకు పెట్టిన బొట్టు

మైనింగ్ చేస్తే కంప్యూటర్లోని గ్రాఫిక్స్ కార్డు త్వరగా పాడవుతుందా? ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. మా నాచారం ఇంట్లో మావారు ఆ మైనింగ్‌తో క్రిప్టో నాణేలు సంపాదించాలని కార్డును రాత్రింబవళ్లు నడిపేవారు. "కాల్చేస్తున్నారు దాన్ని" అని రోజూ పోట్లాడేదాన్ని.

ఆయన పోయి మూడేళ్లు. నాన్న కార్డు తన కంప్యూటర్లో పెట్టుకుంటానని మా అమ్మాయి ముచ్చటపడింది. పెడితే పనిచేయలేదు. ఈ రోజు ఉప్పల్లో రిపేరు షాపుకు తీసుకెళ్లి, మావారిదని చెప్పి ఇచ్చాను.

షాపతను విప్పి చూశాడు. "మైనింగ్ జేసిన కార్డే గానీ, అన్న మస్తు మంచిగ సూసుకున్నడక్కా. ఫ్యాన్లు జర అరిగినయ్, గంతే. బోర్డు మీద గీ పచ్చగ ఏంది?"

"ఆయన వస్తువని ఏటా దసరాకి పసుపు, కుంకుమ పెట్టాను."

"కంప్యూటర్ డబ్బాకు పెడ్తరు గానీ, లోపలి కార్డుకు పెడ్తరా అక్కా! తడి పసుపుకు తుప్పు వట్టింది. ఇగ లేవదు."

నవ్వబోయాను, చేతకాలేదు.

ఇంటికి రాగానే అమ్మాయి అడిగింది: "నాన్న మైనింగ్ వల్లే కార్డు పోయింది కదమ్మా?"

నేను కాదనలేదు.

బదులు చెప్పుకోలేని మనిషి మీద ఆ నింద అలాగే ఉండనివ్వనా, నిజం చెప్పేయనా? మీరైతే ఏం చేస్తారు? నాకింకా తేలడం లేదు.