నానబెట్టిన ఓట్లు

మొన్న శనివారం ఉదయం ప్లేనోలో మా అబ్బాయి ఇంట్లో కాఫీ తాగుతూ కూర్చున్నాను. వంటగదిలో కోడలు సుధ రాజ్మా సంచి కత్తిరించి స్టీలు డబ్బాలో పోస్తోంది. ముందు నాలుగు గింజలు టంగుటంగుమని విడివిడిగా పడ్డాయి, ఆ తర్వాత జలజలమంటూ మిగిలినవన్నీ. ఆ మొదటి నాలుగు గింజల చప్పుడుకే నా చేతిలో కప్పు ఆగిపోయింది. “ఓట్లు పడుతున్నాయి,” అన్నాను పైకే.

ఫోన్ చూసుకుంటున్న మనవరాలు మాయ తలెత్తింది. “ఏం ఓట్లు, తాతా?”

“హంగేరీ వాళ్ల ఓట్లు. ఒకప్పుడు వాళ్లని నేనే పరిపాలించాను.”

“వాట్! నువ్వు హంగేరీ ఎప్పుడు వెళ్లావ్?”

“వెళ్లలేదు. న్యూజెర్సీ నుంచే పరిపాలించాను.”

“మామయ్యగారూ, అది స్కూల్లో నిజమనుకుని చెప్పేస్తుంది,” అంది సుధ. అందుకే నిజం రాసి పెడుతున్నాను.

నేనెవరినీ పరిపాలించలేదు. డెబ్భైల చివర్లో జెర్సీ సిటీలో కాపురముంటూ, రోజూ ముప్పావుగంట బస్సులో వెళ్లి, హంగేరీ నుంచి వలస వచ్చినవాళ్ల బీమా సంఘం ఆఫీసులో సభ్యుల జాబితాలు చూసే గుమాస్తా పని చేశాను. అక్కడ చెల్లుబాటయ్యే మాట ఇలోనా నేని అనే ఆవిడది. ఆవిడ సంఘానికి కార్యదర్శి. అరవై దాటిన పొట్టి మనిషి. ఏ కాలంలోనైనా అదే బూడిదరంగు స్వెటరు, దాని జేబులో చెక్కిన పెన్సిళ్లు రెండు. ఆవిడని కూడా మీరే పరిపాలకులు అంటే ఒప్పుకునేది కాదు. “సభ నిర్ణయిస్తుంది, నేను రాసుకుంటాను,” అనేది.

నాకు ఉద్యోగం వచ్చింది కూడా నా పేరువల్లే. దరఖాస్తు మీద చింతలపాటి సుందరరావు అని చూసి, “ఇందులో ఇంటిపేరు ఏది?” అని అడిగింది. మొదటిదన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. హంగేరీ వాళ్లకీ ఇంటిపేరే ముందట. “ఈ దేశంలో ఇన్నాళ్లకి, పేరు తిన్నగా పెట్టుకున్న మనిషి దొరికాడు. సోమవారం రా,” అంది. నా చదువు సర్టిఫికెట్లు కవరులోంచి బయటికైనా రాలేదు.

ఇక నేను చేసిన మొదటి ఘనకార్యం. ఆఫీసులో అందరూ ఆవిడని ఇలోనా నేని అని పిలుస్తుంటే, అది ఇంటిపేరనుకున్నాను. మా కృష్ణా జిల్లాలో ఇంటిపేర్లు చాలా ‘నేని’తోనే ముగుస్తాయి. వీళ్ల పూర్వీకులకీ మావాళ్లకీ ఎక్కడో చుట్టరికం ఉండాలని మా ఆవిడ దగ్గర ఒక సిద్ధాంతం కూడా చెప్పాను. రెండు వారాలపాటు ఆవిడని మిసెస్ నేని అని పిలిచాను. మూడో వారం ఆవిడ టైపు చేస్తున్న కాగితం మీంచి తలెత్తకుండానే అంది: “సుందర్, నేని అంటే మా భాషలో ఆంటీ. నువ్వు నన్ను శ్రీమతి ఆంటీ అంటున్నావు. వినడానికి బాగానే ఉంది. బోర్డు మీటింగులో మాత్రం అనకు.” మనం సీతత్తయ్య అన్నట్టే వాళ్లూ పేరు తర్వాత వరస పెడతారు. మగవాళ్లకైతే ‘బాచి’. మన బాబాయిలాగే ఉంటుంది.

ఆ సంఘం నడిచే తీరు కొంచెం చెప్పాలి. వాళ్ల తండ్రులూ తాతలూ బొగ్గు గనుల్లో, ఉక్కు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు. గనిలో ఒకడు పోతే వాడి భార్యాపిల్లల్ని చూసే దిక్కు లేదని అందరూ కలిసి సంఘం పెట్టుకున్నారు. దానికి యజమాని లేడు. పాలసీ ఉన్న ప్రతివాడూ సభ్యుడే, ప్రతి సభ్యుడికీ ఏదో ఒక ఊళ్లో శాఖ ఉంటుంది. శాఖ తన ప్రతినిధిని పంపుతుంది, ప్రతినిధులు నాలుగేళ్లకోసారి మహాసభలో కూర్చుని అధ్యక్షుణ్ణీ బోర్డునూ ఎన్నుకుంటారు, నియమాలు మార్చుకుంటారు. మధ్యకాలంలో బోర్డు నడుపుతుంది, అదీ నియమాల పుస్తకం గీత దాటకుండా.

ముఖ్యమైన ఓటు ఏదైనా గింజలతోనే. ఒక్కొక్కరికీ ఒక తెల్ల చిక్కుడు గింజ, ఒక ఎర్ర గింజ ఇస్తారు. తెల్లది అవును, ఎర్రది కాదు. రెండూ పిడికిట్లో పట్టుకుని తెర వెనక్కి వెళ్లి, ఒకటి ఓటు డబ్బాలో వేసి, మిగిలింది పక్క డబ్బాలో పడేయాలి. ఫలితం చదివాక రెండు డబ్బాలూ ఒకే గిన్నెలో బోర్లించి నీళ్లు పోస్తారు. మర్నాటి మధ్యాహ్నం అదే సూపు! మిరపపొడీ, పొగబెట్టిన పంది మాంసమూ వేసి ఉడికిస్తారు. గెలిచినవాడూ ఓడినవాడూ అదే గిన్నెలోది తినాలి. “ఓట్లు ఎందుకు తినేస్తారు?” అని అడిగితే, “ఉంచితే ఎవడో ఒకడు పదేళ్ల తర్వాత మళ్లీ లెక్కపెడదామంటాడు,” అంది ఇలోనా నేని. నేను శాకాహారిని కాబట్టి గింజలు మాత్రం ఏరుకుని తినేవాణ్ణని మా ఆవిడకి చెప్పాను. రెండో ఏడాది నుంచి అదీ అబద్ధమే.

బోర్డు మీటింగులకి నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. అధ్యక్షుడు బాలింట్ బాచి ఇళ్లకి పైకప్పులు వేసి రిటైరైన భారీ మనిషి, గొంతు కూడా పైకప్పు మీంచి కిందికి అరిచే గొంతే. ఒకసారి కొత్త శాఖ ఎక్కడ పెట్టాలన్న విషయం మీద కోపం వచ్చి టోపీ తీసి గోడకేసి కొట్టాడు. ఆవిడ మినిట్స్‌లో ‘చర్చ జరిగింది’ అని రాసింది. “టోపీ సంగతి రాయలేదేం?” అన్నాను గుసగుసగా. “ఇది రేపు ఆయన మనవడు చదువుతాడు. వాడికి కావలసింది నిర్ణయం. టోపీ ఎందుకు?” అంది.

ఎనభైల మొదట్లో ఆఫీసుకి కంప్యూటర్ వచ్చింది. దాన్ని నేనే కనిపెట్టినట్టు తిరిగాను. నిజానికి స్విచ్చి ఎక్కడుందో మూడో రోజున తెలిసింది. పాత కార్డుల్లోని పేర్లన్నీ అందులోకి ఎక్కించాను. దానికేమో ముందు సొంత పేరు, తర్వాత ఇంటిపేరు కావాలి. అందుకని అందరి పేర్లూ తిప్పేశాను. కొందరికి రెండు కార్డులుండేవి, ఒకదాంట్లో పేరు ముందే తిప్పి రాసి ఉండేది, అలాంటివాళ్లు రెండుసార్లు వచ్చారు. ఒకే ఇంటి చిరునామాలో ఒకే పేరు అటూ ఇటూ కనిపిస్తే ఒకటి కొట్టేశాను. పుట్టిన తేదీలు కూడా చూడాలి. చూడలేదు, బద్ధకం. జాబితా శుభ్రంగా వచ్చింది.

ఆ జాబితా ప్రకారం పెన్సిల్వేనియాలో ఒక గని ఊళ్లో ఉన్న ముప్పై ఒకటో శాఖలో పధ్నాలుగు మందే మిగిలారు. పదిహేనుకి తగ్గితే ప్రతినిధి ఉండడని, శాఖని పక్క ఊరి శాఖలో కలిపేయాలని నియమం. ఆ శాఖ ఇలోనా నేని పుట్టిన ఊరిది. పెట్టినవాళ్లలో ఆవిడ తండ్రి ఒకడు. ఆవిడ కాగితం కాసేపు చూసి, “సరిగ్గా చూశావా?” అంది. “కంప్యూటర్ తప్పు చేయదు, నేని,” అన్నాను ఛాతీ విరిచి. “అయితే పధ్నాలుగే,” అని, ఉత్తరం తనే టైపు చేసి తనే సంతకం పెట్టింది. ఆ మధ్యాహ్నం తెచ్చుకున్న భోజనం మూత తీయకుండానే ఇంటికి తీసుకెళ్లిపోయింది.

ఆ ఏడాది మహాసభ ఒహాయోలో ఒక చర్చి హాల్లో జరిగింది. నాలుగు వందల మంది ప్రతినిధులు వచ్చారు. లేదు, అరవై మంది. రెండో రోజు అజెండాలో ముప్పై ఒకటో శాఖ విలీనం ఉంది. ఆ ఉదయం గుమ్మం దగ్గర అతిథుల పేర్లు నేను రాసుకుంటున్నాను. ఇద్దరు ముసలివాళ్లు ఒకే రకం టోపీలు పెట్టుకుని వచ్చారు. ఇద్దరూ కలిసి ఒక పొడుగాటి చుట్ట మోసుకొచ్చారు. అది వాళ్ల శాఖ జెండా. శాఖ పోతే జెండా తెచ్చి సంఘానికి అప్పగించాలి.

“పేరు?”

“బలాజ్ మిహాయ్,” అన్నాడు మొదటాయన.

“మీ పేరండీ?”

“మిహాయ్ బలాజ్,” అన్నాడు రెండో ఆయన. “వీడు నా బావమరిది. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. పోస్ట్‌మ్యాన్‌కి కూడా తికమకే.”

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. వేరువేరు మనుషులు, వేరువేరు ఇంటిపేర్లు. వాళ్లిద్దర్నీ ఒకరిగా చేసి, ఒకణ్ణి చెరిపేసింది నేను. ఇంటిపేరు ముందు పెట్టుకునే మనిషిని, అందుకే ఉద్యోగం ఇచ్చారని చెప్పుకునేవాణ్ణి.

పరుగున వెళ్లి ఇలోనా నేనికి చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. కుర్చీ పట్టుకుని కూర్చుంది. “పదిహేను,” అంది మెల్లగా. వెంటనే లేచి నిలబడింది. “నాకెందుకు చెబుతున్నావు? సభకి చెప్పు.”

“మీరు కార్యదర్శి కదా, మీరే దిద్దేయండి.”

“నేను దిద్దితే ఇలోనా తన నాన్న శాఖని కాపాడుకుందంటారు. నువ్వు చెబితే జరిగినది జరిగినట్టు ఉంటుంది.”

“నేను సభ్యుణ్ణి కాదు. మాట్లాడే హక్కు లేదు.”

“దానికీ నియమం ఉంది. మూడింట రెండొంతులు ఒప్పుకుంటే బయటివాడు మాట్లాడవచ్చు.”

గింజలు పంచారు. ఒక గుమాస్తాకి రెండు నిమిషాలు నోరు తెరిచే అనుమతి ఇవ్వాలా వద్దా అని అరవై మంది ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్లి వచ్చారు. నేను గోడ పక్కన నిలబడి టంగు టంగుమనే చప్పుడు వింటూ, జెర్సీ సిటీలో ఇంటద్దె గురించీ ఇద్దరు పిల్లల గురించీ ఆలోచించాను. అనుమతి వచ్చింది.

అప్పుడు నేను హంగేరియన్‌లో అరగంటసేపు అనర్గళంగా ప్రసంగించాను. హాలంతా లేచి నిలబడింది. ముప్పై ఏళ్లుగా తెలుగు పార్టీల్లో ఈ కథ ఇలాగే చెబుతూ వచ్చాను. జరిగింది వేరు. ఇంగ్లీషులో మూడు వాక్యాలు చెప్పాను: ఇద్దర్ని ఒకరనుకున్నాను, ఒకరిని కొట్టేశాను, చూడమని అడిగితే చూశానని చెప్పాను. చివరికి వాళ్ల భాషలో ‘తప్పు చేశాను’ అందామని ముందే నేర్చుకున్న మాట ‘హిబాజ్‌తమ్’. భయంలో ‘హియాన్యోజ్‌తమ్’ అనేశాను. దానర్థం ‘నేను లేని లోటు మీకు తెలిసింది’ అని. తర్వాత బాలింట్ బాచి బల్ల మీద సుత్తి కొట్టి, “ఇప్పుడు వచ్చావుగా, కూర్చో!” అని అరిచాడు. హాలంతా నవ్వుతో దద్దరిల్లింది. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

శాఖని ఉంచాలా వద్దా అని మళ్లీ గింజలు. అన్నీ తెల్లవే, ఒక్కటి తప్ప. జెండా చుట్ట విప్పి గోడకి తగిలించారు. ప్రతినిధి కుర్చీలో బావ కూర్చోవాలా, బావమరిది కూర్చోవాలా అని ఇద్దరూ నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో అని చాలాసేపు వాదించుకున్నారు. నా ఉద్యోగం పోలేదు. కానీ పదిహేనొందల చిల్లర కార్డుల్లో పుట్టిన తేదీలన్నీ మళ్లీ చూసే శిక్ష పడింది. పదిహేనొందలు కూడా ఎక్కువ చెప్పానేమో. శిక్ష మాత్రం నిజం.

ఆ ఎర్ర గింజ ఎవరిదని నాకు కొన్నేళ్లు కుతూహలం. బాలింట్ బాచిదే అని తీర్మానించుకుని ఆయనతో ముభావంగా ఉన్నాను. పాపం, ఆయన ప్రతి క్రిస్మస్‌కీ నాకు గసగసాల కేకు తెచ్చేవాడు. ఇలోనా నేని రిటైరయ్యే రోజున డెస్కు ఖాళీ చేస్తుంటే అడిగేశాను.

“నాది,” అంది పెన్సిళ్లు సర్దుకుంటూ.

“మీదా! మీ నాన్నగారి శాఖ కదా!”

“గెలుస్తుందని తెలుసు, అందరి మొహాల్లోనూ కనబడింది. అన్నీ తెల్లవే వస్తాయనిపించినప్పుడల్లా నేనొక ఎర్రది వేస్తాను.”

“ఎందుకు?”

“అన్నీ తెల్లవే అని ఒకసారి అలవాటైతే, తర్వాత ఎవరికైనా కాదనాలనిపించినా, ఒక్కణ్ణే అవుతానేమోనని చెయ్యి వణుకుతుంది. వాడికి తోడుగా ఒకటి ముందే వేసి ఉంచుతాను.” నవ్వింది. “నాన్న శాఖ కాబట్టి ఆ రోజు కొంచెం కష్టమైంది. అందుకే తప్పకుండా వేశాను.”

ఆ మధ్యాహ్నమే బాలింట్ బాచి దగ్గరికి వెళ్లి ఏమీ చెప్పకుండా కేకు రెండు ముక్కలు అడిగి తిన్నాను.

మొన్న ఈ కథంతా విని మాయ, “తాతా, దట్స్ సో గ్రాస్, ఓట్లు తినడం!” అంది. వెంటనే, “మనం కూడా చేద్దాం, డాగ్ కోసం!” అంది. ఆర్నెల్లుగా ఇంట్లో అదే గొడవ. నిజానికి గొడవ కూడా కాదు. పిల్లలిద్దరూ మావాడూ కుక్క కావాలంటున్నారు, సుధ నవ్వి ఊరుకుంటోంది. కాబూలీ శనగలు తెల్లవి, రాజ్మా ఎర్రది. అయిదుగురం ఒక్కొక్కరే స్టోర్ రూమ్‌లోకి వెళ్లి డబ్బాలో వేసి వచ్చాం. నాకు కుక్కలంటే ఇష్టమే. తెల్లవే వస్తాయనిపించింది కాబట్టి ఎర్రది వేశాను.

మాయ బల్ల మీద డబ్బా బోర్లించింది. మూడు తెల్లవి, రెండు ఎర్రవి.

“రెండా?” అన్నాడు మావాడు.

సుధ ఆ రెండు గింజలకేసి చూసి, గట్టిగా ఊపిరి వదిలింది. “ఒకటి నాది. చిన్నప్పుడు కుక్క కరిచింది, ఇప్పటికీ చచ్చేంత భయం. మీరంతా ఇష్టపడుతుంటే నేనొక్కదాన్నే కాదంటే ఏం బావుంటుందని ఇన్నాళ్లూ చెప్పలేదు,” అంది.

“అమ్మా, యు షుడ్ హావ్ టోల్డ్ అజ్!” అని మాయ వెళ్లి వాటేసుకుంది. కుక్క గెలిచింది. కానీ చిన్న జాతిదే తేవాలనీ, వంటగదిలోకి రాకూడదనీ, సుధకి అలవాటయ్యేదాకా ఎదురుచూడాలనీ అక్కడికక్కడే తీర్మానాలయ్యాయి. అవన్నీ ఒక కాగితం మీద నేనే రాశాను. మాయ ఏడ్చిందని రాయలేదు.

“మరి ఇంకో ఎర్రది ఎవరిది?” అంది సుధ, ఒక్కొక్కరి మొహం చూస్తూ. నేను గింజలన్నీ ఒకే గిన్నెలోకి తీసి, నీళ్లు పోసి, మూత పెట్టాను.