మగ్గం గదిలో ఏసీ

నేను సర్వే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పెనుకొండ చుట్టుపక్కల పొలాలే కాదు, శ్మశానాలు కూడా గొలుసు పట్టి కొలిచాను. జనం పట్టపగలు కూడా పోవడానికి జంకే చోట్ల కూర్చుని సద్ది తిన్నాను. చదువుకునే రోజుల నుంచి డైరీ రాసే అలవాటుంది. ఎండ, వాన, ఎవరు వచ్చారు, ఏం తిన్నాం, అన్నీ రాస్తాను. దయ్యం అన్న మాట ఒక్కసారి కూడా రాయవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు చెప్పబోయే దానికి కూడా ఆ మాట వాడను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

పోయిన వేసవి మొదట్లో నా భార్య నాగలక్ష్మి పెనుకొండలో మా ఇంటి మెట్ల మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు రెండే జాగ్రత్తలు చెప్పాడు. మెట్లు ఎక్కకూడదు, మళ్లీ పడకూడదు. ఈ వయసులో ఇంకోసారి పడితే లేచి నడుస్తుందని తాను చెప్పలేనన్నాడు.

మా ఇల్లు కొండ వాలులో ఉంది. గడప దాటితే మెట్లే. మా అమ్మాయి భారతి ధర్మవరంలో టీచరు. తను ఉండేది మేడ మీద. అందుకని వాళ్ల వెనక వీధిలోనే మెట్లు లేని ఇల్లొకటి మాకు అద్దెకు చూసింది. ఒకప్పటి నేతగాళ్ల ఇల్లు అది. ముందు గదిలో మగ్గం ఉండేదట. దాన్ని తీసేసి, నేసే మనిషి కాళ్లు పెట్టుకునే గుంతను పూడ్చి, పైన టైల్స్ పరిచారు. బాత్రూం ఆ గదికే ఆనుకుని ఉంది కాబట్టి నాగలక్ష్మి మంచం అక్కడే వేశాం. మంచానికీ బాత్రూం తలుపుకీ మధ్యలోనే ఆ పూడ్చిన చోటు.

ధర్మవరం ఎండ సంగతి అక్కడ ఉన్నవాళ్లకు తెలుసు. వెల్లకిలా కదలకుండా పడుకునే మనిషికి ఫ్యాను గాలి సెగలా తగిలేది. వీపంతా చెమటకాయలు పేలాయి. ఇలాగే ఉంటే పుండ్లు పడతాయని, గది చల్లగా పెట్టమని డాక్టరు చెప్పాడు. గోడకు పెద్ద కన్నం కొట్టడానికి ఇంటాయన గంగాధర ఒప్పుకోలేదు. కిటికీలో పెట్టే ఏసీ అయితే సరేనన్నాడు. ఖాళీ చేసేటప్పుడు కిటికీ ఊచలు మళ్లీ వేయించి ఇవ్వాలన్నది ఒప్పందం.

హిందూపురంలో తెలిసిన షాపులో ఏసీ కొన్నాం. దాన్ని బిగించడానికి బాషా అనే అతను ఆటోలో వచ్చాడు. ఊచలు కోసి, బయట ఇనుప స్టాండు బిగించి, ఏసీ కూర్చోబెట్టి, చుట్టూ మిగిలిన సందుల్లో చెక్క, థర్మోకోల్ పెట్టి మూశాడు. నీళ్లు బయటికి కారేలా వెనక్కి కాస్త వాలు ఇచ్చాడు. ఆ సాయంత్రం నాగలక్ష్మి నొప్పి మాత్ర లేకుండా నిద్రపోయింది. నేను కూడా చాలా రోజుల తరువాత గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం గచ్చు మీద తడి కనిపించింది.

మడుగు కట్టలేదు. ఏసీ కిందా లేదు. గది నడిమధ్య, చేత్తో చిలకరించినట్టు చుక్కలు చుక్కలుగా ఉంది. నాగలక్ష్మి వాకర్ పట్టుకుని బాత్రూంకి నడిచేది అక్కడే. గుడ్డ తెచ్చి తుడిచాను. తరువాతి రోజు భోజనాల వేళ దాటాక మళ్లీ వచ్చింది. ఆ తరువాతి రోజూ అంతే.

బాషాకు ఫోన్ చేస్తే విసుక్కుంటూనే మళ్లీ వచ్చాడు. ముందు భాగం విప్పి చూశాడు. ఒక సీసా నీళ్లు లోపల పోశాడు. అవి చక్కగా బయట పెట్టిన బకెట్లోకి కారాయి.

"నీళ్లన్నీ బయటికే పోతాండాయి సార్. లోపల పడేదానికి దారే లేదు. పైకప్పు సూపించుకోండి," అన్నాడు.

మేస్త్రీని పిలిచి పైకప్పు చూపించాను. పొడిగా ఉంది. పైపులు చూపించాను. ఆ గచ్చు కింద పైపే లేదు. పనిమనిషి పొద్దున్నే తుడిచి వెళ్లిపోతుంది. నేల చెమ్మ అనుకుందామంటే, కరెంటు పోయి ఏసీ ఆడని రోజుల్లో గచ్చు పొడిగానే ఉండేది. ఏసీ ఆడిన రోజే తడి. కారణం ఏసీయే అనిపిస్తుంది, ఏసీలో తప్పేమీ దొరకదు.

ఆపేద్దామని చూశాను. నాగలక్ష్మి రాత్రంతా మూలుగుతూనే ఉంది, వీపు మీద చర్మం లేచింది. మళ్లీ వేశాను. ఇక నాకు మిగిలింది కాపలా కాయడమే. మధ్యాహ్నం అన్నం తిన్నాక కుర్చీ వేసుకుని, ఒళ్లో గుడ్డ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. చుక్కలు పడుతుండగా ఒక్కసారి కూడా చూడలేదు. మందు పోయడానికో, తలుపు తీయడానికో పక్కకు తిరిగితే చాలు, మళ్లీ ఇటు చూసేసరికి గచ్చు తడిసి ఉండేది. రాత్రి నాగలక్ష్మి కోసం లేవడం, పగలు దీనికి కాపలా. నిలబడే కునుకు తీసే స్థితికి వచ్చాను. సాయంత్రం వచ్చిన భారతి నా మొహం చూసి, అమ్మ కంటే ముందు నేను పడిపోయేలా ఉన్నానంది.

గంగాధర తల్లి ఓబుళమ్మ పక్క వాటాలో ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. ఒకరోజు నాగలక్ష్మిని చూడడానికి వచ్చి, నేను వంగి తుడుస్తుంటే గడపలోనే ఆగింది.

"ఏం సార్, నట్టింట్లో కల్లాపి సల్లినావే?"

విషయం చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె కిటికీలో ఉన్న ఏసీ వంక చూసింది. వెలుతురు కోసం తన భర్త ఆ కిటికీకి ఎదురుగా మగ్గం వేసుకున్నాడనీ, చివరి వరకూ అక్కడే నేశాడనీ చెప్పింది. ఎండాకాలం గాలి పొడిబారితే పట్టు పోగు తెగుతుందట. అందుకని మధ్యాహ్నం అన్నం తిని వచ్చి, గుంతలో కాళ్లు పెట్టే ముందు, చెంబుతో నీళ్లు తెచ్చి చుట్టూ చల్లుకునేవాడట.

"మీ మిషను గాలిని ఎండబెడతాండాదేమో," అంది.

ఏసీ గాలిలో తేమ తీసేస్తుందన్నది నిజమే. అంతవరకే నేను ఒప్పుకున్నాను. నాగలక్ష్మి మాత్రం మంచం మీద నుంచే మెల్లగా అడిగింది.

"ఆయనకు మా మీద కోపం వచ్చిందంటావా పెద్దమ్మా?"

"కోపమేం లేదులేమ్మా. ఆయప్పకు పని తప్ప ఇంకోటి కండ్లకు కనపడదు. నేను పురిటినొప్పులు పడతాంటే గూడా పోగులు ముడేసుకుంటా కూసున్న్యాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. పోతూ పోతూ ఓబుళమ్మ గది మధ్యలో ఆగి, కర్రతో గచ్చును తట్టి, ఇంట్లో మనిషిని కసిరినట్టే అంది.

"ఏమప్పా, ఈడ ఆడమనిషి కాలు ఇరిగి పడుండాది. సల్లుకుంటే సల్లుకో. ఆయమ్మ నడిసే దావ ఇడిసిపెట్టు."

నాకు ఇబ్బందిగా అనిపించి, గుడ్డ పిండే నెపంతో బయటికి వెళ్లాను.

ఆ తరువాత రెండు మూడు రోజులకు నేను భయపడ్డదే జరిగింది. మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది.

నాగలక్ష్మి బాత్రూంకి వెళ్లి, వాకర్ పట్టుకుని ఒంటరిగా తిరిగి వస్తోంది. గది మధ్యలో ఉంది. ఆమె చుట్టూ గచ్చు మీద నీళ్ల చుక్కలు మెరుస్తున్నాయి. అరిస్తే బెదిరిపోతుందని నోరు మూసుకున్నాను. కుర్చీ చప్పుడైనా తిరిగి చూస్తుందని లేవలేదు. ఆమె నా వైపు చూడకుండా, అడుగు మీద అడుగు వేసుకుంటూ వచ్చి మంచం మీద కూర్చుంది.

"అలిసిపోయి పడుకున్నారని లేపలేదు," అంది.

అప్పుడు గచ్చు చూశాను. మంచం దగ్గర నుంచి బాత్రూం తలుపు దాకా, వాకర్ పట్టేంత వెడల్పున, ఒక దారి పొడిగా ఉంది. దానికి రెండు పక్కలా తడి. వంగి అరచేయి ఆనించాను. పొడిగానే ఉంది. ఆమె పాదాలు చూశాను, వాకర్ రబ్బర్లు చూశాను. ఎక్కడా చెమ్మ లేదు. తడిలో ఒక్క అడుగు గుర్తు లేదు.

ఏసీ గాలికి ఆరిందనుకుందామా అంటే, ఆ గాలి ఎదుటి గోడకు కొడుతుంది. దారి అడ్డంగా పోతోంది. నేను నిద్రలో ఉండగా ఆమే తుడిచిందా అంటే, వంగే స్థితి కాదు ఆమెది. భారతి వాళ్లింట్లో ఉంది. తలుపు లోపల గడియ వేసే ఉంది.

ఇదంతా రాసుకుని ఎన్నోసార్లు చదువుకున్నాను. ఎక్కడ పొరపడ్డానో దొరకలేదు. ఏసీ వేసిన రోజు తడి ఇప్పటికీ వస్తోంది, ఆ దారి పక్కలనే. గుడ్డ మాత్రం దండెం మీదే ఉంటోంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక నేను కాసేపు నిద్రపోతున్నాను.