సైలెన్సరుకు సైకిల్ ట్యూబు

ఉద్యోగం వచ్చిందండీ! ఒంగోలులో బండ్ల రిపేరు నేర్పే శిక్షణ కేంద్రంలో నన్ను ఇన్‌స్ట్రక్టరుగా తీసుకున్నారు. ఇప్పుడే కాగితం చేతికిచ్చారు, నేనింకా మెట్లు కూడా దిగలేదు. మా ఇంటావంటా డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ముందు నాయనకు చెప్పాలని నాలుగుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. ఎత్తడు కూడా. సాయంత్రం ఈ వేళకు స్టీరింగు ముందు ఉంటాడు, బండి నడుపుతూ ఫోను ముట్టుకునే మనిషి కాదు. అందాకా ఆగలేక మీకు చెబుతున్నాను.

నేను చదువుకునే రోజుల్లో, అంటే జిల్లాలు విడదీసిన కొత్తలో, నాకు తెలియనిది లేదని నాకు గట్టి నమ్మకం. (ఇప్పుడు కొంత తగ్గింది. మొదటి జీతం అందితే మళ్లీ పెరుగుతుందేమో.) మెకానికల్ ఇంజనీరింగు మూడో ఏడు సెలవులకు మార్కాపురం వచ్చాను. నాయనకు ఒక పాత వ్యాను ఉంది. రోజూ ఏడుగురు టీచర్లను పుల్లలచెరువు దగ్గరి పల్లెల బడుల్లో దించి, సాయంత్రం తిరిగి తెచ్చేవాడు. మా ఇంట్లో బియ్యమైనా నా కాలేజీ ఫీజైనా ఆ ఏడుగురి పుణ్యమే. వచ్చిన రెండో రోజే వ్యాను కిందికి దూరాను. చూద్దును గదా, సైలెన్సరు గొట్టాన్ని నాయన పాత సైకిల్ ట్యూబు ముక్కతో వేలాడగట్టి ఉన్నాడు! నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ముడి ఊడదీసి పారేసి, ఇనప తీగ నాలుగు చుట్లు చుట్టి, కటింగ్ ప్లేయరుతో బిగించి బయటికొచ్చాను.

"ఇంజనీరున్న ఇంట్లో ఈ పేలికలేంది నాయనా?"

నాయన ఆ ట్యూబు ముక్కను ఏరుకుని, దులిపి, జేబులో పెట్టుకున్నాడు. "సరే తల్లీ" అన్నాడు, అంతే.

సోమవారం నుంచి మొదలైంది. ఎక్స్‌లేటరు తొక్కితే చాలు, కాళ్ల కింద గడగడగడమని ఒకటే మోత. కాలు తీస్తే మాయం. ముందు సీటులో కూర్చునే తెలుగు మేడం చెవుల్లో దూది పెట్టుకుని రావడం మొదలుపెట్టింది. వెనక కూర్చునే లెక్కల సారు మూడో రోజు తేల్చేశాడు.

"డ్రైవరన్నా, ఏమనుకోవద్దు. శనివారం లోపల ఈ మోత ఆగకుంటే మేం వేరే వ్యాను చూసుకుంటాం. బడికి పోయేసరికి తలకాయ పగిలిపోతాంది."

నాయన షెడ్డుకు తీసుకుపోతే అక్కడ చప్పుడే లేదు. మేస్త్రీ మూడు చుట్లు తిప్పి చూసి, "బండి బాగానే ఉందన్నా, నీకే నిద్ర చాల్లేదు" అని పంపించాడు. నేను పుస్తకం తెరిచాను. రెండు రోజులు చదివి, గేర్‌బాక్సులో బేరింగు పోయిందని తీర్పు చెప్పాను.

"గేర్‌బాక్సు దించాల్సిందే నాయనా."

"దించితే వారం పడతాదమ్మా. అందాకా సార్లు ఎట్ల పోతారు? నువ్వే ఇంగోసారి చూడు. సదువుకున్నదానివి."

శనివారం నేనూ బండెక్కాను. షెడ్డులో లేని మోత దారిలో ఎందుకొస్తోంది? దారిలో టీచర్లుంటారు. మరైతే ఒక్కొక్కరినీ దించి చూడాలి! ఎర్రగొండపాలెం దాటాక కంది చేల మధ్య మొదట తెలుగు మేడాన్ని దించాం. "ఏంది పాపా, టీచర్లకే పరీక్ష పెడతాండావు?" అంటూ దిగింది. మోత ఆగలేదు. ఇంకాస్త ముందుకు పోయి సోషల్ సారును దించాం. మోత. మళ్లీ కొంత దూరం పోయి లెక్కల సారును దించాం. చప్పుడు పూర్తిగా ఆగిపోయింది! గొర్రెలు తోలుకొస్తున్న తాత ఒకాయన దారి పొడవునా నిలబడ్డ టీచర్లను చూసి, "ఏంది సారూ, ఫర్లాంగుకొక బడి పెడతాండారా?" అని అడిగాడు.

"అయితే మోత నాదేనంటావా?" అన్నాడు లెక్కల సారు, ముఖం ఎర్రగా చేసుకుని.

ఆయన్ని ఎక్కించి, ఆయనకు బదులు ఇంకొకరిని దించి చూశాం. అప్పుడూ మోత లేదు.

"మనిషి కాదు సార్, బరువు" అన్నాను.

"రెండోసారి సరిచూసినావు చూడు, అదీ లెక్కంటే" అన్నాడాయన. అలక తీరింది.

వెనక్కి పోయి దించినవాళ్లందరినీ ఎక్కించి, బండి నిలబెట్టే ఎక్స్‌లేటరు తొక్కమని నాయనకు చెప్పి, రోడ్డు పక్కన బోర్లా పడుకుని కిందికి తొంగి చూశాను. ఏడుగురి బరువుకు బండి కిందికి కుంగి, దానికి వేలాడే సైలెన్సరు గొట్టం వెనక ఇరుసుకు ఆనుకుంటోంది. తొక్కినప్పుడల్లా ఇంజను ఊగుతోంది, దానితో గొట్టమూ ఊగుతోంది. రబ్బరయితే ఆ ఊపును మింగేసేది. ఇనప తీగకు సాగడం తెలియదు కదా, గొట్టం పోయి ఇరుసుకు కొట్టుకుంటోంది. నాలుగు చుట్ల తీగ. నా చుట్లే.

లేచి నిలబడ్డాను. ఏడుగురూ కిటికీల్లోంచి చూస్తున్నారు. బోల్టు వదులైందని చెబితే నమ్మేసేవాళ్లే.

"ఇది నేను కట్టిందే నాయనా" అన్నాను.

నాయన జేబులోంచి ట్యూబు ముక్క తీశాడు. వారం నుంచీ ఆ జేబులోనే ఉందది! గొట్టం చల్లారాక తీగ విప్పి అది కట్టాం. ఏడుగురితో బయల్దేరితే గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆలస్యమైందని గొణిగారే గాని, ఎవరూ వేరే వ్యాను మాటెత్తలేదు. తిరిగొచ్చేటప్పుడు అడిగాను.

"నీకు ముందే తెలుసా?"

"అనుమానమే తల్లీ. నువ్వు కట్టింది నేను ఇప్పేస్తే, నువ్వు ఇంగ బండి కిందికి దూరవు గదా."

బేరం చేజారుతుందని తెలిసీ వారమంతా నాయన అందరి చేతా మాటలు పడింది అందుకేనని అర్థమై, ఇంటిదాకా కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాను.

ఈ రోజు ఇంటర్వ్యూలో పెద్దాయన అడిగాడు, "స్పీడు పెంచితే చప్పుడొస్తోంది. ముందు ఏం చూస్తావమ్మా?" అని. "కిందటి రిపేరు ఎవరు చేశారో అడుగుతాను సార్" అన్నాను. నవ్వి, ఎందుకని అడిగితే ఇదంతా చెప్పాను. తీగ బిగించి దర్జాగా బయటికొచ్చిన ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే కోప్పడను, చేతి మసి తుడుచుకోమంటాను.

ఇంకా ఫోన్లు చేయాల్సినవాళ్లున్నారు. అమ్మకు (ఏడుస్తుంది, కాబట్టి కూర్చోబెట్టి చెప్పమని పక్కింటి అత్తకు ముందు చేయాలి). తెలుగు మేడానికి. లెక్కల సారుకు (కాగితం రెండోసారి చదివావా అంటాడు, చదివాను). నిద్ర చాల్లేదన్న షెడ్డు మేస్త్రీకి. ఆరు దాటాక, ఆఖరి టీచరు కూడా దిగిపోయాక, నాయనకు. అప్పటికి బండి ఆగి, ఖాళీగా ఉంటుంది, ఒక్కసారి చెబితే వినపడుతుంది.