రెండో ముద్ద

ఈ ఉదయం ట్యాంకు కుళాయి తిప్పి చిన్న గ్లాసులో కొత్త బీరు పట్టుకున్నాను. నోటి దాకా తీసుకెళ్ళకముందే పచ్చగడ్డి, మామిడి జీడి, నారింజ తొక్క కలిసిన వాసన ముక్కులో గుచ్చుకుంది. ఒక గుక్క తాగాను. నాలుక వెనక చేదు అంటుకుంది. నీళ్ళు పుక్కిలించినా పోలేదు, ఇడ్లీ తిన్నా పోలేదు. హైదరాబాదులో నేను పనిచేసే ఈ బ్రూవరీలో పది కుళాయిలుంటే ఏడింటిలో వచ్చేది ఈ రకమే. ఐపీఏ అంటారు. హాప్స్ అనే పువ్వులు దండిగా వేసి చేదెక్కేలా కాచే బీరు. ఒక కుళాయిలో చేదు, పక్కదానిలో ఇంకా చేదు, ఆ పక్కదానిలో పండ్ల వాసన తగిలించిన చేదు. ఊళ్ళో ఏ బ్రూవరీకి వెళ్ళినా ఇదే వరస. అన్నీ కాచేది నేనే కాబట్టి విసుగుపడే హక్కు నాకు లేదని కొందరు అంటారు. అందరికన్నా ఎక్కువ హక్కు నాకే ఉంది. ఈ చేదు నోట్లో పెట్టుకుని నిలబడినప్పుడల్లా ఒకే మనిషి గుర్తొస్తుంది. ఆమె జీవితంలో బీరు ఒక్క గుక్క తాగింది, అదీ ఉమ్మేసింది. నరసరావుపేటలో కారం మర నడిపిన కోటమ్మత్త.

మా ఇంటి వెనక సందులో ఉండేది ఆ మర. ఆమె మాకు చుట్టం కాదు, వీధిలో అందరం అత్తా అనే పిలిచేవాళ్ళం. డిగ్రీ అయ్యి ఉద్యోగం దొరక్క నేను ఇంట్లో కూర్చున్న ఏడాది, గుమ్మంలో నిలబడి, “ఏమే సుజాతా, ఆ గోడల్ని చూస్తా కూర్చునే బదులు నా మర కాడ కూర్చోరాదూ” అంది. జాలిపడి పిలిచిందని వీధంతా అనుకున్నారు. అదేమీ కాదు. మిరపకాయలు ఆడుతుంటే తుమ్మకుండా కూర్చునే మనిషి ఆమెకు కావాలి, నేను తుమ్మను. ఆమె పద్ధతి వేరే మరల్లో లేదు. పచ్చళ్ళ కాలంలో ఎవరు కాయలు తెచ్చినా ముందు ఒక ప్రశ్న అడిగేది: ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు ఎవరు? దాన్నిబట్టి రంగుకు ఒక రకం కాయ, ఘాటుకు ఒక రకం కాయ, ఏది ఎంతో పాళ్ళు చెప్పేది. మొదటి గుప్పెడు ఆడగానే మర ఆపేది. గిన్నెలో వేడి అన్నం, నువ్వుల నూనె ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. చిటికెడు కారం కలిపి వచ్చినవాళ్ళ చేతిలో ముద్ద పెట్టేది. అది తిన్నాక కాసేపు ఊరుకుని రెండో ముద్ద పెట్టేది. రెండోది తింటేనే మిగతా కాయలు మరలో పడేవి.

నేను చేరిన కొత్తలో ఒక పత్తి వ్యాపారి వచ్చాడు. మెడలో గొలుసు, చేతిలో రెండు ఫోన్లు.

“అత్తా, మొత్తం తేజ కాయే ఆడించు. మేం పల్నాడోళ్ళం, సప్పటి కూడు మా గొంతు దిగదు” అన్నాడు. తేజ అంటే మా వైపు పండే కాయల్లో ఘాటు ముదిరిన రకం.

“నేనేమన్నా కాశీ నుంచి వచ్చానా? ఇంట్లో చిన్నోళ్ళెవరు?”

“నాలుగేళ్ళ మనవరాలు. దాంతో నీకేం పని?”

ఆమె తన పాళ్ళలో ఆడించిన కారంతో ముద్ద పెట్టింది. అతను తిని, “ఇదేంది, ఇంత సప్పగా ఉంది” అన్నాడు. అంటూనే చెయ్యి చాపాడు. రెండోది పెట్టింది. ఫోన్లో ఎవరితోనో పత్తి ధర మాట్లాడుతూ అదీ తిని మళ్ళీ చాపాడు. మూడోది పెట్టి, “సప్పటి కూడు గొంతు దిగదన్నావుగా నాయనా, ఇంక చెయ్యి కడుక్కో” అంది. మర దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. అతను కూడా నవ్వి ఆమె చెప్పిన పాళ్ళే ఒప్పుకున్నాడు. అతను వెళ్ళాక నాతో అంది: “మొదటి ముద్ద గొప్పకి తింటారే. రెండోది ఆకలికి తింటారు. మనం ఆడేది ఆకలికి.”

ఆ మాట అర్థమైందనే అనుకున్నాను. ఆ వేసవిలోనే ఒకరోజు ఆమె గురజాలలో పెళ్ళికి వెళ్తూ మర నాకు అప్పగించింది. రొంపిచర్ల నుంచి ఒక పెద్దాయన ఆవకాయకని ఎనిమిది కిలోల తేజ కాయలు తెచ్చాడు. ఇంకేమీ కలపొద్దన్నాడు. “ఘాటు తగ్గిందా, తెచ్చి మీ గుమ్మంలోనే పోస్తా” అన్నాడు. ఆడపిల్లనని లెక్కలేకుండా మాట్లాడుతున్నాడని నాకు మండింది. నేనూ తక్కువ తినలేదని చూపించాలనిపించింది. ఇంట్లో చిన్నవాళ్ళెవరని అడగలేదు, ముద్ద పెట్టలేదు, మొత్తం ఆడించి ఇచ్చాను.

మూడు వారాల తర్వాత ఆయన కోడలు జాడీ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చింది. మూడోవంతు కూడా తగ్గలేదు. “మా మామ మొదటి రోజు చెమటలు తుడుచుకుంటా తిని ఆవకాయంటే ఇదీ అన్నాడత్తా. రెండో రోజు నుంచి పెరుగన్నమే. దీన్ని మాత్రం పారెయ్యనీడు. పిల్లలకీ నాకూ రోజూ ఇదే” అంది. ఆమె పెదవుల చివర్లు పగిలి ఉన్నాయి.

కోటమ్మత్త నా వైపు తిరిగింది. “చిన్నోళ్ళెవరని అడిగావా?”

“ఆయనే కావాలన్నాడత్తా.”

“ముద్ద పెట్టావా?”

తల అడ్డంగా ఊపాను.

“నాలుక లేని దానికి మర ఎందుకే? రేపట్నించి రావాకు.”

ఆ సమయంలో మర దగ్గర ఏడుగురు ఉన్నారు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారో ఇప్పటికీ చెప్పగలను. తప్పు నాది. అది ఏనాడూ కాదనలేదు. లోపలికి పిలిచి నాలుగు తిట్టినా పడి ఉండేదాన్ని. వీధి మధ్యలో, ఆ ఏడుగురి ముందు, నాలుక లేనిదని అనాల్సిన పని లేదు. ఆమె నన్ను అక్కడే వదిలేసి, రంగు కాయ కారం, ఆవపిండి పొట్లాలు కట్టి, మామిడికాయలు ఇంకెన్ని కోసి జాడీలో ఎలా కలుపుకోవాలో ఆ కోడలికి చెబుతూ కూర్చుంది. నేను ఇంటికి వచ్చేశాను. ఆమె మళ్ళీ పిలవలేదు, నేనూ ఆ సందులోకి పోలేదు. పాల ప్యాకెట్టు కోసం కూడా చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని.

హైదరాబాదు వచ్చి బ్రూవరీలో ల్యాబు పనికి చేరాను. బీరు కాయడం చూసి నేర్చుకున్నాను, తర్వాత కాయడమే నా పని అయింది. అప్పుడప్పుడే ఐపీఏ గాలి మొదలైంది. ఎంత చేదు కాస్తే అంత పేరు. గుక్క తాగి, ముఖం ముడుచుకుని, “వావ్” అని ఫోటో తీసుకునేవాళ్ళు. నాకు నాలుక ఉందని చెప్పడానికి ఇంతమంది దొరికారని సంబరపడి, కాచిన ప్రతిసారీ ఇంకో దోసెడు హాప్స్ వేశాను. రొంపిచర్ల పెద్దాయనకూ నాకూ తేడా లేకుండా పోయిందని అప్పట్లో తట్టలేదు.

ఆ గర్వంతోనే ఒక సెలవుకి వెళ్ళినప్పుడు నా బీరు సీసా తువ్వాలులో చుట్టి తీసుకెళ్ళి, ఏళ్ళ తర్వాత ఆమె గుమ్మం ఎక్కాను. జనం ప్యాకెట్టు కారానికి మరిగారు. మర సగం రోజులు ఊరికే ఉంటోంది. ఆమె చిక్కిపోయింది, నోరు మాత్రం తగ్గలేదు.

“వచ్చావటే? సారా కాస్తన్నావంట, మీ అమ్మ ఎవురికీ చెప్పుకోలేక చస్తంది.”

“సారా కాదత్తా, బీరు. చాలా పేరొచ్చింది. ఒక్క గుక్క చూడు.”

చూడదనుకున్నాను. స్టీలు గ్లాసులో పోయించుకుంది. నోట్లో కాసేపు తిప్పి, లేచి వెళ్ళి కాలవలో ఉమ్మేసి వచ్చింది.

“ఇది ఏ రోగానికే?”

“రోగానికి కాదు. ఇష్టపడి తాగుతారు.”

“రెండో గళాసు కూడానా?”

సీసా అక్కడే వదిలేసి వచ్చేశాను. బస్సులో హైదరాబాదు దాకా పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను. ఆమె మాట తప్పని తేల్చడానికే ఆ వారమంతా సాయంత్రాలు బల్లల మధ్య తిరిగాను. మొదటి గ్లాసు ఫోటోతో, పొగడ్తతో ఖాళీ అయ్యేది. రెండోది సగం దగ్గర ఆగేది. కొందరు అలాగే వదిలి మామూలు బీరు తెప్పించుకునేవాళ్ళు, కొందరు నీళ్ళు అడిగేవాళ్ళు. ఆ సగం గ్లాసులన్నీ సింకులో పోస్తుంటే చూస్తూ నిలబడ్డాను. నా చెమట అది. ఆ రోజు నుంచీ ఆ చేదు నాకు సయించలేదు.

ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే గెలిచానని ఊరంతా చాటుతుందని ఆగాను. మరుసటి ఏడు పచ్చళ్ళ కాలం రాకముందే ఆమె పోయింది. దినానికి కూడా వెళ్ళలేదు. “పోయిన మనిషి మీద అలకేందే?” అని అమ్మ ఫోన్లో అడిగింది. ట్యాంకు చూసుకోవాలని ఫోన్ పెట్టేశాను.

తర్వాత ఏడాది పాటు, మా వైపు నుంచి జొన్నలు తెప్పించి, మొలకెత్తించి ఆరబెట్టి, ఒక బీరు కాచాను. చేదు తక్కువ, కాల్చిన జొన్నరొట్టె వాసన. మొదటి రెండు విడతలు పారబోశాను, రెండో గ్లాసు నాకే దిగలేదు కాబట్టి. మూడోది దిగింది. మా ఓనరు విక్రమ్ దాన్ని అతిథుల ముందు పెట్టి, “ఇది మా సుజాత ఊరి గంజి, జ్వరమొస్తే తాగండి” అన్నాడు. ఆ అతిథులు ఎంతమందో కూడా నాకు గుర్తుంది. నలుగురు.

పదో కుళాయి ఈ నెల ఖాళీ అయింది. దానికి ఇంకో ఐపీఏ పెడతానన్నాడు. ఉదయం నా నాలుకకు అంటుకున్న చేదు అదే. అది పెడితే నేను మానేస్తానని చెప్పాను. మధ్యాహ్నం తేల్చుకుందామని వచ్చి కూర్చున్నాడు. రెండు రకాలూ చెరో గ్లాసు పోసి ముందు పెట్టాను. ఐపీఏ ఒక గుక్క తాగి, “ఇదీ. ఇది మాట్లాడుతుంది” అని పక్కన పెట్టాడు. జొన్న బీరు అందుకుని తిట్టడం మొదలెట్టాడు.

“దీన్లో ఏముంది సుజాతా? ఎవడైనా ఫోటో తీస్తాడా దీన్ని? మానేస్తానని బెదిరిస్తావా నన్ను? మార్కెట్ నీకు తెలుసా, నాకు తెలుసా?”

తిడుతూ తాగాడు, తాగుతూ తిట్టాడు. గ్లాసు ఖాళీ అయింది. మాట ఆపకుండానే దాన్ని నా వైపు జరిపాడు. పోశాను. నోరు మెదిపితే చెడుతుందని పెదవి కొరుక్కుని నిలబడ్డాను. రెండోదీ ఖాళీ అయ్యాక బల్ల మీదికి చూశాడు. ఐపీఏ నురుగు చచ్చి అలాగే ఉంది.

“సరే. ఒక్క ట్యాంకు. అమ్ముడుపోకపోతే నీదే పూచీ” అని ఫోన్ తీసుకుని వెళ్ళిపోయాడు. గంజి అన్నందుకు ఒక్క ముక్క అనలేదు. అది నా ఖాతాలో అలాగే ఉంటుంది.

ఖాళీ గ్లాసు చేతిలో పట్టుకుని, ఈ కబురు ఎవరికి చెప్పాలా అని చూశాను. చెప్పాల్సిన మనిషి ఒక్కతే, ఆమెతో నాకు మాటలు లేవు. అయినా చెప్పాను, ట్యాంకుల మధ్య నిలబడి, మనసులోనే. ఆమె శభాష్ అనదు, ఆ ఏడుగురి ముందు అన్న మాట వెనక్కి తీసుకోదు. గిన్నెలో అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా ఒక్కటే అడుగుతుంది.

“మూడోది అడిగాడటే?”