అవ్వను కడగమన్నాను

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట మా ఆయన అంటే పోట్లాటకు దిగుతాను గానీ, నా అంతట నేను ఒప్పుకుంటే తప్పులేదు. వరంగల్ చౌరస్తా దగ్గర మా నాన్నది బట్టల దుకాణం. కొనడానికి వచ్చినవాళ్లు చీర మడత విప్పేటప్పుడు చీరను కాదు, విప్పే చేతిని చూడమని చిన్నప్పుడే నేర్పాడు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, మడికొండ దాటాక ఉన్న ఒక చిన్న షెడ్డులో ఆప్టికల్ డిస్కులకు మాస్టర్లు చేసే పనిలో చేరాను. అక్కడ కూడా ఆ చూపు నన్ను వదల్లేదు.

మాస్టర్ అంటే మొదటి అచ్చు. ఆఫీసులు ఏళ్ల తరబడి రికార్డులు దాచుకునే డిస్కులు కొన్ని ఉన్నాయి. ఒక్కోదాంట్లో బీరువాలకు బీరువాలు పడతాయి. అంత పట్టాలంటే కంటికి ఆననంత సన్నటి గాడి చుట్లు చుట్లుగా ఉండాలి. ఆ గాడిని ముందు గాజు పలక మీద పూసిన మందు పొరలో లేజర్‌తో గీస్తాం. గీసిన గాజుకు పల్చగా లోహం పట్టించి నికెల్ తొట్టిలో దించితే, దాని మీద రేకు పెరుగుతుంది. ఈ పనిలో ఆ రేకును తండ్రి అంటారు. తండ్రి మీద పెంచింది తల్లి. తల్లి మీద పెంచినవి పిల్లలు, డిస్కులు పోసేది ఆ పిల్లలతోనే. పుస్తకాల్లో ఫాదర్, మదర్ అని ఉంటుంది. మా పనివాళ్లంతా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, ఇంట్లో అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లు. దాంతో మా షెడ్డులో బాపు, అవ్వ అనే పేర్లే నిలబడ్డాయి. నా నోటికీ అవే పట్టాయి.

కొత్తగా పనిలోకి వచ్చినామె మదనపల్లె దగ్గరి మనిషి. ముప్పై దాటి ఉంటాయి. భర్త వదిలేస్తే కొన్నాళ్లు అన్న ఇంట్లో పడి ఉండి, వదిన మాటలు పడలేక ఇద్దరు ఆడపిల్లలను తీసుకుని కాజీపేటలో ఉన్న చిన్నమ్మ దగ్గరికి వచ్చేసింది. కడిగే గదిలో పనికి పెట్టుకున్నాం. "ఈ పని పోతే మళ్లీ మా వదిన గడప తొక్కాల్సిందేనక్కా" అని మొదటి రోజే నాతో అంది. అడగకుండానే ఇంత చెప్పిందంటే ఇంకేదో దాస్తోందని అప్పుడే అనుకున్నాను.

ఆమె వచ్చిన రెండో వారంలో ఒక తండ్రి రేకు నున్నగా అద్దంలా ఊడి వచ్చింది. దాని మీద గాడి లేదు. లేజర్ గీసిందని మా దగ్గర లెక్కలన్నీ ఉన్నాయి, గీత మాత్రం మాయమైంది. నాలుగు రోజులకు ఇంకోటి అలాగే వచ్చింది. ముందు ధర్మసాగర్ చెరువు నీళ్లను అనుమానించి ఫిల్టర్లన్నీ మార్పించాను. తర్వాత లోహం పట్టించే యంత్రాన్ని అనుమానించాను. దాని పంపు అప్పటికే మొరాయిస్తోంది. అందుకే గీసిన గాజులు మర్నాటిదాకా కడిగే గదిలో మూతపెట్టెలో ఆగుతున్నాయి. మూడోది కూడా నున్నగా వచ్చాక మనుషుల మీద పడ్డాను.

కడిగే గదిలో ఉండేది ఆమె ఒక్కతే. తెల్ల సూటు, టోపీ, ముఖానికి గుడ్డ, బయటికి కనిపించేవి కళ్లు మాత్రమే. రోజూ అందరికంటే ముందు వచ్చేది. ఫోను మోగితే గేటు బయటికి పోయి మాట్లాడేది, నేను కనపడితే గొంతు తగ్గించేది. హైదరాబాదులో మాకు పోటీ కంపెనీ ఒకటి ఉంది. ఇక నా బుర్ర ఊరుకుంటుందా?

పైగా అబద్ధాలు. తల్లి రేకును మళ్లీ తొట్టిలో దించేముందు పొద్దున్నే శుభ్రంగా కడగాలి.

"అవ్వను కడిగినవా?" అని అడిగేదాన్ని.

"కడిగినానక్కా, రాంగానే కడిగేసినా."

బీరువా తెరిచి చూస్తే రేకు మీద నిన్నటి మరక నిన్నటిలాగే ఉండేది. కళ్లలోకి సూటిగా చూస్తూ ఎంత బాగా చెప్తోందో అని ఒళ్లు మండేది. నిలదీస్తే జాగ్రత్త పడుతుందని నోరు మూసుకుని నేనే కడుక్కునేదాన్ని. ఒకరోజు ఆమె లోపల ఉండగా టిఫిన్ డబ్బా కూడా తెరిచి చూశాను. రాగి సంగటి, చెనక్కాయల ఊరుబిండి, మా పల్లీల పచ్చడి లాంటిదే. ఎవరు చూసి చెప్పారో, మర్నాడు నాకొక ముద్ద వేరే డబ్బాలో పెట్టుకొచ్చి "తినండక్కా" అంది. మంచి చేసుకోవాలని చూస్తోందనుకున్నాను. తిన్నాను, బాగుంది. దాంతో అనుమానం ఇంకాస్త పెరిగింది.

చివరికి షెడ్డు యజమాని, మా సారుకు ఫోన్ చేశాను. "మనిషి దొరికింది సార్. రేపు పొద్దున్నే రాండ్రి, సాక్ష్యంతోటి చూపిస్త" అన్నాను.

మర్నాడు ఆమె కంటే ముందే వచ్చి కడిగే గది అద్దం పక్కన నిలబడ్డాను. ఆమె సూటు వేసుకుంది, చేతులకు గ్లౌజులు తొడుక్కుంది. మూతపెట్టె తెరిచి నిన్న సాయంత్రం గీసిన గాజును రెండు చేతులతో పైకి తీసింది. ఆ పసుపు లైటులో గీసిన గాజూ, గీయని గాజూ ఒక్కలాగే కనపడతాయి. దాని మీద కడిగే మందు పోసి మెత్తగా తుడవడం మొదలుపెట్టింది. అది తగిలితే గీత ఉన్న పొరంతా కరిగిపోతుంది. సూటూ టోపీ లేకుండానే లోపలికి ఉరికాను.

"ఏం చేస్తున్నవే?"

ఉలిక్కిపడింది. "అవ్వను కడగతా ఉండానక్కా."

"అది అవ్వనా?"

"కాదా? నాయన రేకు పుట్టింది దీనిమీదే కదక్కా. నాయన్ను కన్నది అవ్వ కాక ఇంకేమవుతుంది?"

"మీ దిక్కు అవ్వంటే ఎవరు?" అన్నాను.

"నాయన వాళ్లమ్మ. మా పిల్లోళ్లు మా అత్తను అవ్వా అనే పిలిచేది." నా ముఖం చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఆ మదర్ రేకును అమ్మ అంటారేమో అనుకున్నా. అమ్మను కడగమని మీరు ఒక్కపూటన్నా చెప్పినారా అక్కా?"

చెప్పలేదు. రోజూ అవ్వను కడగమన్నాను. నేను చెప్పింది చెప్పినట్టే చేసింది. ఒక్కసారి ఆ మరక చూపించి "ఇదేంది?" అని అడిగి ఉంటే రెండో గాజు పోయేది కాదు.

అంతలోనే సారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "ఈమెనేనా?" అన్నారు. ఆమెకు అప్పుడు అర్థమైంది, ఈ పొద్దున్న ఆయనెందుకు వచ్చారో.

"గీసిన గాజు కడగమని నీకు ఎవలు చెప్పిండ్రమ్మా?"

"అక్కే సార్."

సారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పినవా?"

"నేను మదర్ ప్లేటు కడగమన్న సార్" అన్నాను. నా ఉద్దేశం అదేగా అని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను.

"మదర్ అనలేదు సార్, అవ్వ అనింది" అంది ఆమె.

సారుది జనగామ దగ్గరి ఊరు. నవ్వారు. "అవ్వంటే మదరే కదమ్మా! మూడు మాస్టర్లు పాడుచేసి ఇంక గీ మాటలెందుకు?"

వాళ్ల దిక్కు అవ్వంటే నాయనమ్మ సార్, పొరపాటు నాది. చెప్పాల్సింది ఇంతే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. చెబితే ఆ మూడు మాస్టర్లూ, ఇవాల్టి గాజూ నా మెడకు చుట్టుకుంటాయి. నిన్నటి ఫోనుకు ఏం జవాబు చెప్పాలి? భయపడ్డాను. నాకు ఇంకోచోట పని దొరుకుతుందనీ, ఆమెకు దొరకదనీ తెలిసే భయపడ్డాను.

ఆమె టోపీ తీసి చేతిలో పట్టుకుంది. "చెప్పండక్కా" అంది.

తొట్టి వేడి ఎంతుందో చూడాలని నేను లోపలి గదిలోకి వెళ్లిపోయాను.