ఏసోబు కాక మీద నేను వేసిన నింద

2012లో గోదావరిఖనిలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కీమో వార్డు నర్సుగా పనిచేసేదాన్ని. క్యాన్సర్ కణాలను చంపే మందును సెలైన్‌తో నరంలోకి ఎక్కించడమే కీమో. శ్రీరాంపూర్ బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన ఏసోబు కాకకు పాంక్రియాస్‌లో, అంటే కడుపు వెనకుండే గ్రంథిలో, క్యాన్సర్. మూడు నెలలు కీమో ఇచ్చినా స్కాన్‌లో గడ్డ పెరిగినట్టే కనిపించింది.

ఆయన ఒకప్పుడు బాగా తాగేవాడని నాకు తెలుసు. "కాకా, ఈ మందు పని చెయ్యాలంటే ఆ మందు మానాలె గదా" అన్నాను.

"ముట్టక రెండేండ్లాయె బిడ్డా. చర్చిల ఒట్టేసిన."

"మరి గడ్డ ఎట్ల పెరిగింది?"

తలుపు దగ్గర నిలబడ్డ ఆయన భార్య మరియమ్మ అంతా విన్నది. ఆనాటి నుంచి ఆయనతో మాట మానేసింది. టిఫిన్ డబ్బా మంచం పక్కన పెట్టి, వరండాలో కూర్చునేది.

రెండు వారాలకు హైదరాబాద్ నుంచి క్యాన్సర్ డాక్టరు వచ్చారు. నా అనుమానం ఆయనకూ చెప్పాను.

"తాగడం వల్ల కాదు సిస్టర్. ఈ గడ్డలో క్యాన్సర్ కణాలకంటే వాటి చుట్టూ ఉండే కణజాలమే ఎక్కువ. దాన్ని స్ట్రోమా అంటాం. అందులోని ఆధార కణాలు గట్టి పీచును అల్లుతాయి. రక్తనాళాలు నలిగిపోయి మందు లోపలికి సరిగా చేరదు. క్యాన్సర్ పెరగడానికీ ఆ కణాలు సాయపడతాయి."

"దాన్ని దాటే మందు లేదా సార్?"

"వెతుకుతున్నారు. మన చేతికింకా రాలేదు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మర్నాడు కాకకు అంతా చెప్పి, తప్పయిందన్నాను.

"అంటే బొగ్గు చుట్టు బండ ఉన్నట్టా?" అన్నాడు. "నాకు చెప్తే ఏమొస్తది బిడ్డా. ఆమెకు చెప్పు."

మరియమ్మ వరండాలోనే ఉంది. పక్కన ఇంకో ఇద్దరు రోగుల వాళ్లున్నారు. వాళ్ల ముందు నా తప్పు ఒప్పుకోలేక, రేపు చెబుదామనుకున్నాను. ఆ సాయంత్రమే ఆయన్ను ఇంటికి తీసుకెళ్లారు. వారానికి పోయాడు.

నెల తర్వాత ఆస్పత్రి కాగితాల కోసం మరియమ్మ వచ్చింది. "నువ్వన్నా నిజం చెప్పినవ్ సిస్టరమ్మా. ఆయన ఆఖరిదాక ఒప్పుకోలె" అంది.

డాక్టరు అన్న మాట అప్పుడు చెప్పాను. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు.

"గీ మాట ఆయన ఉన్నప్పుడు చెప్తే, నేను ఆయనతోని మాట్లాడుదును గదా" అంది.

మందు పని చేయనప్పుడు తప్పు రోగిలో వెతకకూడదని నేను నేర్చుకున్నది అక్కడే. ఇప్పుడు స్కాన్‌లో గడ్డ పెరిగిందని తెలిస్తే, ఇంటివాళ్లను లోపలికి పిలిచి, "ఇందులో ఈయన తప్పేం లేదు" అన్న మాటే ముందు చెబుతాను. మరియమ్మకు మాత్రం ఆ మాట ఆలస్యంగానే చెప్పాను.