వెల్డింగ్ రాడ్లకు సర్ది

1973 జూన్‌లో పటాన్‌చెరు దగ్గర బాయిలర్లు, పెద్ద ట్యాంకులు తయారుచేసే ఒక కర్మాగారంలో వెల్డింగ్ ఇంజనీరుగా చేరాను. మాది కృష్ణా జిల్లా. వెల్డర్లు వేసిన అతుకు గట్టిదా కాదా తేల్చడం నా పని. అందుకు ఎక్స్‌రే యంత్రం ఉంది కాబట్టి ఆ విషయంలో నాకు ఇబ్బంది లేదు. ఏ యంత్రమూ తేల్చలేని తలనొప్పి ఇంకొకటి తగులుకుంది. దాని పేరు ప్రాగ్మాటిజం.

మా ట్రైనింగ్ సెంటర్ అధిపతి రాఘవరావు గారికి చదువు పిచ్చి. శనివారం జరిగే సూపర్‌వైజర్ల క్లాసులో ఒక్కో ఆఫీసరు తన పనికి సంబంధం లేని విషయం మీద అరగంట మాట్లాడాలని ఆర్డరు వేశారు. చీటీలు తీస్తే నాకు ఈ మాట వచ్చింది. మొదట అదేదో కీళ్ల జబ్బు అనుకున్నాను. నిఘంటువు తీస్తే 'వ్యావహారిక సత్తావాదం' అని ఉంది. దాంతో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది.

లైబ్రరీ పుస్తకం నాలుగుసార్లు చదివాక నాకర్థమైంది ఇంతే. అది అమెరికాలో వందేళ్ల కిందట పుట్టిన తత్వశాస్త్ర శాఖ. ఒక నమ్మకం నిజమా కాదా అని ఊరికే వాదించుకోవద్దు, దాన్ని నమ్మి నడిస్తే ఆచరణలో ఏం తేడా వస్తుందో చూడమంటుంది. రెండు మాటలు ఆచరణలో ఏ తేడా తేకపోతే వాటి మధ్య తగవే అనవసరమంటుంది. "పనిచేసేదే నిజం" అని బోర్డు మీద రాసి అరగంట ఎలాగో నెట్టుకొచ్చాను. చివర్లో ఒక ఫోర్‌మన్ లేచి, "అబద్ధం జెప్తె గూడ పని నడుస్తది గద సార్, మరి అది గూడ నిజమేనా?" అన్నాడు. టైమైపోయిందని చెప్పి బయటపడ్డాను. నిజంగా సిగ్గేసింది.

ఆ తర్వాతి ఫిబ్రవరిలో కొత్త వెల్డర్లకు ట్రేడ్ టెస్టు జరిగింది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు అది పాసైతే పర్మనెంట్ అవుతారు, తప్పితే ఇంటికి పోతారు. రాఘవరావు గారు ఛైర్మన్, నేను మెంబర్ని. చిట్కుల్ నుంచి రోజూ సైకిల్ మీద వచ్చే మల్లయ్య ఆ వరసలో ఉన్నాడు. ఉద్యోగం దొరికిందని వ్యవసాయం మొత్తం తమ్ముడికి అప్పజెప్పి, జూలైలో చేరిన మనిషి. అతను వేసిన అతుకు ఎక్స్‌రేలో మచ్చ లేకుండా వచ్చింది. మిగిలింది నోటి పరీక్ష, అందులోనూ పాసవ్వాలి.

"రాడ్లను వాడేముందు ఓవెన్‌లో ఎందుకు పెడతావు?" అని అడిగాను. రాడ్డు పైపూత గాలిలోని తడిని పీలుస్తుంది, ఆ తడి నుంచి హైడ్రోజన్ లోహంలోకి చేరి అతుకు ఒకటి రెండు రోజుల తర్వాత కూడా పగలవచ్చు. మాకు కావలసిన జవాబు అది.

"వాటికి సర్ది వడ్తది సార్," అన్నాడు మల్లయ్య. "సర్ది వట్టిన రాడు చిటపటమని దగ్గుకుంట కాలుతది. జెర కాక వెడితె మంచిగైతది."

సర్ది అంటే జలుబు. రాఘవరావు గారు నవ్వి సున్నా వేశారు. నాకు ఉక్రోషం వచ్చింది. ప్రాగ్మాటిజం మీరిచ్చిన సబ్జెక్టే కదా సార్ అన్నాను. మన హైడ్రోజన్‌తోనూ, అతని సర్దితోనూ ఒకే అతుకు వస్తున్నప్పుడు తేడా ఎక్కడుందని వాదించాను.

"తేడా లేదని నీకెలా తెలుసయ్యా? వెతికావా?" అన్నారాయన.

వెతకలేదు. రెండు నమ్మకాలూ విడిపోయే చోటు ఎక్కడ? మల్లయ్య చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. చివరికి తట్టి, "ఎండాకాలంలో కూడా ఓవెన్‌లో పెడతావా?" అని అడిగాను.

"ఎండకాలం సర్దేంది సార్? ఊకెనే ఎందుకు వెడ్త?" అన్నాడు, నన్ను జాలిగా చూస్తూ.

గట్టెక్కించబోయి నేనే ముంచాను. అతను ఈ ఉద్యోగంలో చూసింది వానాకాలం, చలికాలం మాత్రమే. మా షెడ్డులో వేసవంతా నీళ్ల కూలర్లు తిరుగుతాయి, తడికి కొదవుండదు. రాడ్లను ఏ కాలంలోనైనా ఓవెన్‌లో పెట్టాల్సిందే. ప్రొబేషన్‌ను మూడు నెలలు పొడిగించే వీలు రూల్సులో ఉంది, ఆ అవకాశం ఇవ్వమని బతిమాలాను. "పూచీ నీదే," అంటూ రాఘవరావు గారు సంతకం పెట్టారు.

బయట మల్లయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనేం తప్పు జెప్పిన సార్? ఎక్స్‌రే మంచిగనే వచ్చె గద!" అన్నాడు. హైడ్రోజన్ గురించి మొదలుపెట్టాను. కాసేపటికి అతనూ తికమకపడ్డాడు, నేనూ తికమకపడ్డాను. ఆఖరికి, "మీ పిల్లలకు ఎండాకాలంలో సర్ది చెయ్యదా?" అన్నాను.

"ఎందుకు గాదు? చెమట మీద సల్లనీళ్లు తాగితె అయితది."

"మన షెడ్డులో ఎండాకాలం కూలర్లు తిరుగుతాయి మరి."

మల్లయ్య షెడ్డు వైపు చూశాడు. "అయితె వాటికి గూడ వడ్తది," అన్నాడు. నేను నేర్పింది శాస్త్రమో మూఢనమ్మకమో నాకే అర్థం కాలేదు.

మేలో మళ్లీ టెస్టు. షెడ్డు కొలిమిలా ఉంది. మల్లయ్య ప్యాకెట్ విప్పి, ఎవరూ చెప్పకుండానే రాడ్లన్నీ ఓవెన్‌లో పెట్టి, టైమయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు. ఇంత ఎండలో ఎందుకని రాఘవరావు గారు అడిగారు. "సర్ది సార్," అన్నాడు. ఆయన నా వైపు అదోలా చూసి, ఆ ప్రశ్నకు సగం మార్కులు వేశారు. పాసవడానికి సగం చాలు. మల్లయ్య పర్మనెంట్ అయ్యాడు.

ఆ శనివారం క్లాసులో, నేను మునుపు బోర్డు మీద రాసింది తప్పని ఒప్పుకున్నాను. ఇప్పటిదాకా పనిచేసినంత మాత్రాన నమ్మకం నిజమైపోదు. అది ఎక్కడ దెబ్బతింటుందో వెతకాలి, అక్కడే పరీక్షించాలి, తేలినదాన్ని బట్టి దిద్దుకోవాలి. ప్రాగ్మాటిజం చెప్పేది అదేనని నా అవగాహన. మల్లయ్యను పాస్ చేయడం సరైన పనే, అందులో నాకు సందేహం లేదు. రాడ్లకు సర్ది పడుతుందన్న మాట నిజమేనా అంటే మాత్రం, అది నాకు ఇప్పటికీ తేలలేదు.